ఎలిఫెంట్ సీల్, గిలా మాన్‌స్టర్: పస్తుండడంలో దేని లెక్క దానిది

జనవరి నెల. కాలిఫోర్నియా తీరంలోని ఆన్యో న్వేవో దగ్గర ఇసుక మీద ఒక మగ ఎలిఫెంట్ సీల్ పడుకుని ఉంటుంది. డిసెంబరులో ఒడ్డెక్కిన దగ్గర నుంచి దాని నోట్లోకి ఒక్క చేప పోలేదు, ఒక్క చుక్క నీరు పోలేదు. మార్చి దాకా పోదు కూడా. సరిగ్గా అవే రోజుల్లో, అక్కడికి తూర్పున అరిజోనా ఎడారిలో, ఒక బండ కింద బొరియలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి కదలకుండా పడి ఉంటుంది. చలి మొదలయ్యాక అది కూడా ఏమీ తినలేదు. వసంతం వచ్చి పక్షుల గూళ్లలో గుడ్లు కనిపించేదాకా దానికీ తిండి లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలనే ఆలోచన మొదట వింతగా తోస్తుంది. ఒకటి నాలుగు మీటర్లకు పైగా పొడవు, రెండు టన్నుల బరువు ఉండే సముద్ర క్షీరదం. మరొకటి అర మీటరు పొడవుండే బల్లి, కిలో బరువు దాటడం అరుదు. తక్కెడలో ఒకవైపు మగ సీల్‌ను పెడితే రెండో వైపు రెండు వేలకు పైగా బల్లులు పెట్టాలి. వంశం ప్రకారం చూసినా వీటి దారులు 30 కోట్ల ఏళ్లకు ముందే విడిపోయాయి. ఎక్కడా ఎదురుపడవు, ఒకదాని తిండి మరొకదానికి పనికిరాదు. అందుకే ఏది బలమైనది, ఏది ప్రమాదకరమైనది అని అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. తిండి ఎప్పుడో గానీ దొరకని చోట, తాగే నీరు దాదాపు లేని చోట, ఒక ప్రాణి నెలల తరబడి ఎలా బతుకుతుంది? ఈ ప్రశ్నకు రెండూ జవాబు చెప్పాయి. జవాబులు మాత్రం చాలా దూరం దూరంగా ఉన్నాయి. చివరికి ఆ రెండు జవాబులూ కలిసే చోటు కూడా ఒకటుంది, అది మనిషి రక్తంలోని చక్కెర.

ఇక్కడ చెబుతున్నది ఉత్తర పసిఫిక్‌లోని ఎలిఫెంట్ సీల్ గురించి. దక్షిణార్ధగోళంలో ఇంకా పెద్దదైన మరో జాతి ఉంది, దాని ప్రస్తావన చివర్లో వస్తుంది. గిలా మాన్‌స్టర్‌కు ఆ పేరు అరిజోనాలోని గిలా నది వల్ల వచ్చింది. స్పానిష్ పద్ధతిలో ఆ నది పేరును హీలా అని పలుకుతారు. మెక్సికోలోని సొనోరా, అమెరికాలోని అరిజోనాలతో పాటు నెవాడా, యూటా, న్యూ మెక్సికో, కాలిఫోర్నియాల అంచుల్లో కూడా ఈ బల్లి ఉంటుంది. నల్లటి ఒంటి మీద గులాబీ, నారింజ రంగు మచ్చలు, పూసలు కుట్టినట్టుండే చర్మం, పొట్టి కాళ్లు, బొద్దు తోక. ఉడుముకు ఇది దూరపు చుట్టం.

సముద్రమూ ఎడారే

చుట్టూ అంత నీరుండగా సీల్‌కు నీటి కరువేమిటని అనిపిస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీరు తాగితే ఉప్పును బయటికి తోసేందుకు ఒంట్లో ఉన్న నీరు కూడా ఖర్చవుతుంది. మనిషి మూత్రపిండం అంత ఉప్పును వదిలించుకోలేదు. అందుకే ఓడ మునిగినవాడు సముద్రపు నీరు తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. సీల్ మూత్రపిండాలు మనిషివాటి కంటే చాలా గట్టివే అయినా ఎలిఫెంట్ సీల్ మామూలుగా సముద్రపు నీటి మీద ఆధారపడదు. సముద్రంలో ఉన్నంత కాలం అది తినే చేపలే దానికి నీటి కుండలు. చేప ఒంట్లో ఎక్కువ భాగం నీరే, పైగా ఆ నీటిలో ఉప్పు సముద్రంలో కంటే బాగా తక్కువ. ఒడ్డెక్కిన తర్వాత ఆ చేపలు కూడా ఉండవు. నీటి విషయంలో అప్పుడు ఆ ఇసుక తీరానికీ అరిజోనా ఎడారికీ తేడా ఏమీ లేదు.

మరి ఒడ్డెక్కడం దేనికి? ఏడాదికి రెండుసార్లు దానికి నేల మీద పని పడుతుంది. మొదటిది ఈనడం, జతకట్టడం. రెండోది వెంట్రుకలు, పైచర్మం పొరలు పొరలుగా ఊడి కొత్తవి రావడం. ఈ రెండు పనులూ నీటిలో కావు. తిండి చూస్తే వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆడవి నడి పసిఫిక్‌కు పోతాయి, మగవి అలాస్కా, అల్యూషియన్ దీవుల వైపు పోతాయి. రెండు యాత్రలూ కలిపితే ఏడాదికి 18,000 కిలోమీటర్లు దాటవచ్చు. మధ్యలో ఒకసారి వెళ్లి తినివద్దాం అనుకునే వీలే లేదు. పోట్లాడి సంపాదించిన జాగా వదిలి నీటిలోకి దిగిన మగసీల్‌కు తిరిగి వచ్చేసరికి ఆ జాగా మిగలదు. అందుకని అది అక్కడే ఉండి మూడు నెలలు పస్తుంటుంది, ఆ మూడు నెలల్లో మూడో వంతుకు పైగా బరువు కోల్పోతుంది.

తల్లి సీల్ లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అది పస్తుండేది సుమారు ఐదు వారాలే. కానీ అందులో దాదాపు నాలుగు వారాలు పాలిస్తూ పస్తుంటుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 40 కిలోలు, 27 రోజుల తర్వాత తల్లి వదిలి వెళ్లేటప్పటికి 130 కిలోలు లేదా అంతకంటే ఎక్కువ. అంటే పిల్ల రోజుకు మూడు కిలోలకు పైగా పెరుగుతుంది. ఆ బరువంతా తల్లి ఒంట్లో నుంచి వచ్చిందే. తల్లి తన బరువులో దాదాపు 40 శాతం పోగొట్టుకుని సముద్రంలోకి దిగుతుంది. పాలు మొదట్లో కాస్త పలుచగా ఉంటాయి, రోజులు గడిచే కొద్దీ చిక్కబడతాయి. చివరికి వాటిలో సగానికి పైగా కొవ్వే ఉంటుంది. పాలు చిక్కబడే కొద్దీ తల్లి ఒంట్లో నుంచి పోయే నీరు తగ్గుతుంది. నీరు తాగని తల్లి పాలివ్వగలగడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తల్లి వెళ్లిపోయాక పిల్ల ఒంటరిది. దానికి ఈత సరిగా రాదు, వేట అసలే రాదు. మరో రెండు మూడు నెలలు ఒడ్డునే ఉండి, తల్లి ఇచ్చిన కొవ్వు మీద బతుకుతూ, లోతు లేని నీటిలో మునగడం నేర్చుకుంటుంది. ఆపైన ఎవరూ దారి చూపకుండానే ఉత్తర పసిఫిక్‌కు బయలుదేరుతుంది. పుట్టిన ఏడాదిలోనే అన్నం పెట్టేవాళ్లు లేకుండా, దారి చెప్పేవాళ్లు లేకుండా ఇంత దూరం పోయే పిల్లలు క్షీరదాల్లో ఎక్కువ లేవు.

తోకలో దాచుకున్న ఏడాది

ఇప్పుడు బల్లి దగ్గరికి వద్దాం. గిలా మాన్‌స్టర్ కూడా కొవ్వు మీదే బతుకుతుంది. అయితే సీల్ ఒళ్లంతా చర్మం కింద కొవ్వు పరుచుకుంటే, ఇది ఎక్కువగా తోకలో దాచుకుంటుంది. బాగా తిన్న బల్లి తోక ఉబ్బి ఉంటుంది, కరువు చూసిన బల్లి తోక సన్నబడిపోతుంది. తోకను చూసి దానికి ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పవచ్చు. సీల్ కూడా తోకలో దాచుకోవచ్చు కదా అంటే కుదరదు. చల్లటి నీటిలో ఉండే ప్రాణికి కొవ్వు తిండి మూటే కాదు, దుప్పటి కూడా. ఒంటిని చుట్టి ఉంటేనే ఆ రెండో పని జరుగుతుంది. ఎడారిలో అలాంటి దుప్పటి కప్పుకుంటే ఒంటి వేడి బయటికి పోక చిక్కు వస్తుంది. ఒకే సరుకు, దాచిన చోటు మాత్రం వాతావరణాన్ని బట్టి మారింది.

దీని తిండి గూళ్లలోనే ఉంటుంది. పక్షుల గుడ్లు, పాముల, బల్లుల, తాబేళ్ల గుడ్లు, కళ్లు తెరవని కుందేలు పిల్లలు, ఎలుక పిల్లలు. అంటే ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే దొరికే తిండి. దొరికినప్పుడు మాత్రం తన బరువులో మూడో వంతు ఒక్క పూటలో మింగేస్తుంది. 60 కిలోల మనిషి ఒకేసారి 20 కిలోలు తినడంతో సమానం. ఇలాంటి భారీ భోజనాలు మూడు నాలుగు దొరికితే దానికి ఏడాది గడిచిపోతుంది. తిన్నప్పుడు పేగు తన పని పెంచుకుంటుంది, పస్తు రోజుల్లో ఆ పని తగ్గించేసుకుంటుంది. వాడని గదిలో దీపం ఆర్పేసే పొదుపరి ఇల్లాలి పద్ధతి ఇది.

అసలు తేడా ఇక్కడే ఉంది. సీల్ ఒళ్లు వేడి రక్తపు ఒళ్లు. ఎంత చల్లటి నీటిలో ఉన్నా లోపల సుమారు 37 డిగ్రీలు ఉండాలి, ఆ పొయ్యి రాత్రింబవళ్లు మండుతూ ఉండాలి. కాబట్టి ముందే కట్టెలు గుట్టగా పోసుకుంటుంది. బల్లికి పొయ్యే లేదు. వేడి కావాలంటే ఎండలోకి వస్తుంది, అక్కర్లేకపోతే బొరియలోకి పోతుంది. అదే బరువున్న క్షీరదంతో పోలిస్తే దానికి అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ, బల్లుల్లో కూడా ఇది మందకొడి జీవక్రియ ఉన్నదే. సీల్ రాబడి పెంచి బతుకుతుంది, బల్లి ఖర్చు తగ్గించి బతుకుతుంది. పైకి రెండూ ఒకేలా పస్తున్నట్టు కనిపించినా లోపల జరిగేది ఒకటి కాదు.

రెంటికీ మరో పోలిక ఉంది. గిలా మాన్‌స్టర్ తన జీవితంలో 95 శాతానికి పైగా కాలం నేల కింద బొరియల్లో గడుపుతుంది. ఎలిఫెంట్ సీల్ సముద్రంలో ఉన్న కాలంలో దాదాపు 90 శాతం నీటి కిందే ఉంటుంది. ఒడ్డున బద్ధకంగా పొర్లే సీల్, రాళ్ల మధ్య నింపాదిగా పాకే బల్లి, మనిషి కంటపడేది ఇంతే. వాటి అసలు జీవితమంతా మనిషి చూడలేని చోట నడుస్తుంది. సీల్ వీపుకు పరికరాలు అతికించిన తర్వాత, బల్లి ఒంట్లో చిన్న రేడియోలు అమర్చిన తర్వాతే వాటి గురించి నమ్మదగ్గ సంగతులు తెలిశాయి.

ఆ పరికరాలు చెప్పిన కథ చూస్తే ఒడ్డున పడుకున్న సీల్‌ను సోమరి అనడానికి నోరు రాదు. మామూలు మునక 400 నుంచి 600 మీటర్ల లోతుకు, 20 నుంచి 30 నిమిషాలు. పైకి వచ్చి రెండు మూడు నిమిషాలు ఊపిరి పీల్చుకుని మళ్లీ కిందికి. రాత్రీ పగలూ ఇదే. కొన్ని 1,500 మీటర్లు దాటి కూడా పోయాయి. మనిషి ఒంటి బరువులో రక్తం 7 శాతం ఉంటే, ఈ సీల్‌లో సుమారు 20 శాతం. ప్రాణవాయువును ఊపిరితిత్తుల్లో కాకుండా రక్తంలో, కండరాల్లో దాచుకుని మునుగుతుంది. చిన్న చిన్న చేపల మీద బతికే ఆడ సీల్ రోజుకు 20 గంటలకు పైగా వేటలోనే ఉంటుందని, రోజుకు 1,000 నుంచి 2,000 చేపలు పడుతుందని 2021లో తేలింది. నిద్ర సంగతి 2023లో బయటపడింది. సముద్రంలో ఉన్న నెలల్లో ఇది రోజుకు సగటున రెండు గంటలే నిద్రపోతుంది, అదీ పది నిమిషాల చొప్పున, లోతుల్లోకి గిరికీలు కొడుతూ జారిపోతూ. ఒడ్డున కనిపించే ఆ మొద్దునిద్ర నెలల తరబడి బాకీ పడిన నిద్ర.

నీటి లెక్క: తలకిందులైన అంచనా

నీటి విషయంలో ఎవరైనా ఎడారి బల్లి గెలుస్తుందనే అనుకుంటారు. జరిగింది దానికి విరుద్ధం.

కొవ్వు మండితే నీరు పుడుతుంది. 100 గ్రాముల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే సుమారు 107 గ్రాముల నీరు తయారవుతుంది. కొవ్వులోని హైడ్రోజన్, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ కలవడం వల్ల కొవ్వు కంటే నీరు కాస్త ఎక్కువే వస్తుంది. అంటే సీల్ చర్మం కింద ఉన్నది తిండి మూట, దుప్పటితో పాటు నీటి తొట్టి కూడా. అయితే ఇలా పుట్టిన నీటిని పోనీయకుండా కాచుకోవాలి. దానికి మూడు దారులు. మొదటిది ముక్కు. ఎలిఫెంట్ సీల్ ముక్కు లోపల పల్చటి ఎముకల మడతలు చిక్కుముడిలా ఉంటాయి. లోపలికి వచ్చే చల్లగాలి ఆ మడతలను చల్లబరుస్తుంది. బయటికి పోయే వెచ్చటి తడిగాలి వాటిని తాకగానే అందులోని ఆవిరి నీరుగా మారి అక్కడే నిలిచిపోతుంది. రెండోది ఊపిరి. నేల మీద నిద్రలో కూడా ఇది నిమిషాల తరబడి ఊపిరి బిగబడుతుంది. ఊపిరి తగ్గితే పోయే ఆవిరీ తగ్గుతుంది. మూడోది మూత్రం. పస్తులో ఇది మాంసకృత్తులను పెద్దగా ముట్టుకోకుండా దాదాపు మొత్తం శక్తిని కొవ్వు నుంచే తీసుకుంటుంది. మాంసకృత్తులు కరిగితేనే యూరియా పుడుతుంది, యూరియాను కడగడానికే నీరు కావాలి. కరగనివ్వకపోతే ఆ ఖర్చే ఉండదు. ఈ మూడూ కలిసి, చుక్క నీరు తాగకుండా మూడు నెలలు గడిపే శక్తిని దానికి ఇచ్చాయి.

గిలా మాన్‌స్టర్‌కు ఇంత వెసులుబాటు లేదు. దాని జీవక్రియ నెమ్మది కాబట్టి కొవ్వు కొద్దిగానే ఖర్చవుతుంది, పుట్టే నీరూ కొద్దిగానే ఉంటుంది. తిండిలోని నీరైనా సరిపోతుందా అంటే అదీ లేదు. బాగా తిన్న బల్లికి కూడా తాగే నీరు లేకపోతే ఒళ్లు ఎండిపోవడం ఆగదని 2013లో ప్రయోగం చేసి చూపించారు. ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. సముద్రపు ప్రాణి నీరు తాగకుండా బతకగలదు, ఎడారి ప్రాణి మాత్రం వాన కోసం ఎదురు చూడాలి.

వాన పడినప్పుడు అది కడుపునిండా తాగి మూత్రాశయం నింపుకుంటుంది. మనిషి మూత్రాశయంలో చేరిన నీరు ఇక ఒంటికి చెందదు, పారబోయవలసిందే. ఈ బల్లికి మాత్రం అది మంచినీటి తొట్టి. అక్కడి పలుచటి నీరు అవసరాన్ని బట్టి తిరిగి రక్తంలోకి వస్తుంది. తొట్టి నిండుగా ఉన్న బల్లి ఖాళీగా ఉన్న బల్లి కంటే చాలా ఆలస్యంగా ఎండిపోతుంది. ఎడారి తాబేళ్లు, కొన్ని కప్పలు కూడా ఇదే చేస్తాయి.

అంత పొదుపుగా దాచిన నీటిని ఇది ఒక్క సందర్భంలో చేతులారా ఖర్చు చేస్తుంది. ఒంటి వేడి ప్రమాదకరంగా పెరిగితే తోక మొదట్లోని విసర్జన ద్వారం నుంచి నీటిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. సీల్ ముక్కులో ఆవిరి నీరుగా మారుతుంది, బల్లి వెనక నీరు ఆవిరిగా మారుతుంది. ఒకటి నీటిని కాపాడుకోవడానికి చలిని వాడుకుంది, మరొకటి వేడి నుంచి కాపాడుకోవడానికి నీటిని వదులుకుంది.

విషం ఎందుకు?

గుడ్లు, కళ్లు తెరవని పిల్లలు తినేదానికి విషం ఎందుకు? వేటకు కాదు, తనను తాను కాపాడుకోవడానికి. పరుగెత్తలేని బల్లి, తోకలో ఏడాది బత్తెం మోసుకు తిరిగే బల్లి, నక్కకో గద్దకో దొరికితే అంతా పోయినట్టే. పాముకు విషగ్రంథులు పైదవడలో ఉంటే దీనికి కిందిదవడలో ఉంటాయి. పళ్లకు గాడులుంటాయి. కరిచి పట్టుకుని నములుతూ ఉంటే విషం ఆ గాడుల వెంట గాయంలోకి దిగుతుంది. భరించలేని నొప్పి, వాపు, వాంతులు, రక్తపోటు పడిపోవడం దీని లక్షణాలు. విరుగుడు మందు లేదు. అయినా దీని కాటుతో మనిషి చనిపోవడం చాలా అరుదు. 2024లో అమెరికాలో పెంపుడు గిలా మాన్‌స్టర్ కరిచి ఒకరు చనిపోయారు. అంతకు ముందు మరణం దాదాపు శతాబ్దం వెనకటిది. అడవిలో దాని జోలికి పోనివారిని అది కరవడం దాదాపుగా జరగదు, చేతిలోకి తీసుకున్నవారే కాటు తింటారు. 1869లో దీనికి శాస్త్రీయ నామం పెట్టిన ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ పళ్ల మీది గాడులు చూసి విషం ఉండవచ్చని అనుమానించాడు, జాతి పేరులోనే ఆ అనుమానాన్ని చేర్చి సస్పెక్టమ్ అన్నాడు. తర్వాత దశాబ్దాల పాటు దీని ఊపిరే విషమనే కట్టుకథలు జనంలో నడిచాయి.

చక్కెర దగ్గర కలిసిన దారులు

ఈ విషంలోనే వైద్యానికి పనికొచ్చే వస్తువు దొరికింది. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో హార్మోన్ల మీద పనిచేస్తున్న డాక్టర్ జాన్ ఎంగ్ గిలా మాన్‌స్టర్ విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని గుర్తించి 1992లో వెల్లడించాడు. కొన్ని విషాలు క్లోమాన్ని ప్రేరేపిస్తాయని జాన్-పియర్ రాఫ్మన్ వంటివారు చేసిన పని ఆయనకు దారి చూపింది. ఎక్సెండిన్-4లో 39 అమైనో ఆమ్లాలుంటాయి. మనిషి పేగులో తయారయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌తో దీనికి సుమారు సగం పోలిక ఉంది. జీఎల్‌పీ-1 చాలా మేలైన హార్మోన్. తిన్న తర్వాత చక్కెర పెరిగితేనే ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది, ఆకలి తగ్గిస్తుంది. దాని లోపం ఒక్కటే, రక్తంలో రెండు నిమిషాల్లోనే సగం ముక్కలైపోతుంది. మందుగా ఇద్దామంటే నిలవదు. ఎక్సెండిన్-4 అదే పని చేస్తుంది, కానీ దాన్ని ముక్కలు చేసే ఎంజైముకు సులభంగా లొంగదు, గంటల తరబడి నిలుస్తుంది.

ఎంగ్ పేటెంట్ తీసుకుని, 1996లో ఎమిలిన్ అనే కంపెనీకి హక్కులిచ్చాడు. 2005 ఏప్రిల్‌లో ఎక్సెనటైడ్ పేరుతో ఆ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. జీఎల్‌పీ-1 తరహా మందుల్లో జనానికి అందిన మొదటిది ఇదే. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న సెమాగ్లూటైడ్ కూడా బల్లి విషం నుంచే వచ్చిందని చాలాచోట్ల రాస్తున్నారు. అది సరి కాదు. సెమాగ్లూటైడ్, అంతకు ముందరి లిరాగ్లూటైడ్ మనిషి జీఎల్‌పీ-1నే కొద్దిగా మార్చి ఎక్కువ కాలం నిలిచేలా చేసినవి. రక్తంలో నిలిచే జీఎల్‌పీ-1 లాంటి పదార్థం మందుగా పనిచేస్తుందని రోగుల్లో మొదట రుజువు చేసింది మాత్రం బల్లి అణువే. ఇంకో అపోహ కూడా ఉంది. ఎక్సెనటైడ్ కోసం ఏ బల్లినీ పట్టి విషం పిండనక్కర్లేదు, అది ఫ్యాక్టరీలో తయారయ్యే పదార్థం.

ఈ ఎక్సెండిన్-4 బల్లికి దేనికి ఉపయోగపడుతుంది? ఏడాదికి కొన్నిసార్లే తినే ప్రాణి కాబట్టి భోజనం తర్వాత చక్కెరను అదుపు చేయడానికేమో అని చాలామంది ఊహించారు. వినడానికి అందంగా ఉన్న ఊహ. కానీ బల్లుల మీదే ప్రయోగం చేసి చూస్తే, తిన్న తర్వాత వాటి రక్తంలోని గ్లూకోజు మీద గానీ కొవ్వుల మీద గానీ ఎక్సెండిన్-4 ప్రభావం కనిపించలేదు. అది శత్రువు కోసం తయారైన విషంలో భాగమే అనుకోవడం ఇప్పటికి సబబుగా ఉంది.

సీల్ ఇదే కథలోకి వేరే తలుపు నుంచి వస్తుంది. పస్తున్న ఎలిఫెంట్ సీల్ రక్తంలో ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది, గ్లూకోజు ఎక్కువగా ఉంటుంది. పస్తు సాగేకొద్దీ ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ఇవే లక్షణాలు మనిషిలో కనిపిస్తే డాక్టరు మధుమేహం అంటాడు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతింటాయని టెన్షన్ మొదలవుతుంది. సీల్‌కు ఏమీ కాదు. ఏటా ఆ దశ గుండా పోయి, సముద్రంలోకి వెళ్లి తిని, మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఇన్సులిన్ తక్కువగా ఉండడం దానికి రోగం కాదు, ఏర్పాటు. ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కొవ్వు మూట విప్పడం కుదరదు. తక్కువగా ఉంటేనే కొవ్వు కరిగి శక్తీ నీరూ అందుతాయి. ఇన్ని నెలలు మధుమేహం లాంటి స్థితిలో ఉండి కూడా దాని అవయవాలు ఎలా చెడిపోవడం లేదన్నది ఇప్పుడు శాస్త్రవేత్తలు శ్రద్ధగా చదువుతున్న విషయం.

బల్లి మనిషికి మందు ఇచ్చింది. సీల్ ఒక ప్రశ్న ఇచ్చింది. రెంటిలో ప్రశ్నే పెద్దదని అనిపిస్తుంది. ఎందుకంటే మందు చక్కెరను దించుతుంది, సీల్ మాత్రం చక్కెర పెరిగినా చెడిపోని ఒంటిని చూపిస్తోంది.

మిగిలి ఉండడం

ఈ జ్ఞానమంతా అందకుండా పోయే ప్రమాదం ఒకసారి చాలా దగ్గరకు వచ్చింది. 19వ శతాబ్దంలో నూనె కోసం ఎలిఫెంట్ సీళ్లను గుంపులు గుంపులుగా చంపారు. ఆ కొవ్వే వాటి పాలిట శాపమైంది. జాతి అంతరించిందనే అనుకున్నారు. 1892లో మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవిలో ఒక బృందానికి పదిలోపు సీళ్లు కనిపించాయి. చివరి సీళ్లు ఇవేనేమో అనుకుంటూనే ఆ బృందం వాటిలో ఏడింటిని మ్యూజియం కోసం చంపింది. ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అదృష్టవశాత్తు వారి కంటపడనివి ఇంకొన్ని ఉన్నాయి. మొత్తం మీద వందకు మించి మిగలలేదని అంచనా. 1922లో మెక్సికో ఆ దీవిని రక్షిత ప్రాంతం చేసింది. ఇప్పుడు వీటి సంఖ్య రెండు లక్షలు దాటింది. అన్నీ ఆ కొద్దిపాటి సీళ్ల సంతానమే కావడంతో జన్యువుల్లో తేడాలు చాలా తక్కువ. కొత్త రోగం వస్తే తట్టుకునే శక్తి అన్నిటిలో ఒకేలా ఉండే ప్రమాదం దీనివల్ల ఉంది. 2023లో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో దక్షిణ జాతి సీళ్లకు బర్డ్ ఫ్లూ సోకి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు దాదాపు అన్నీ చనిపోయాయి. ఒకేచోట గుంపుగా ఈనే ప్రాణికి రోగం ఎంత పని చేయగలదో ఆ తీరంలో కనిపించింది.

గిలా మాన్‌స్టర్‌ను నూనె కోసం ఎవరూ చంపలేదు, భయంతో చంపారు, పెంచుకోవడానికి పట్టుకుపోయారు. 1952లో అరిజోనా దీనికి చట్టరక్షణ ఇచ్చింది. ఉత్తర అమెరికాలో ఒక విషప్రాణికి అలాంటి రక్షణ దొరకడం అదే మొదలు. ఎక్సెండిన్-4 బయటపడడానికి 40 ఏళ్ల ముందు, దీనివల్ల మనిషికి ఏదో లాభం ఉందని ఎవరికీ తెలియని రోజుల్లో ఇచ్చిన రక్షణ అది. ఇప్పుడు పట్టణాలు, రోడ్లు దాని ఎడారిలోకి జరుగుతున్నాయి. బొరియ నుంచి బొరియకు నింపాదిగా నడిచే బల్లికి రోడ్డు దాటడమే గండం.

సీళ్లకు తీరం ఇరుకవుతోంది. పోటెత్తిన సముద్రం, శీతాకాలపు తుఫాను ఒకేసారి వస్తే ఈత రాని పిల్లలు కొట్టుకుపోతాయి. 1983లో, 1998లో ఎల్ నీన్యో తుఫాన్లకు ఆన్యో న్వేవోలో ఇదే జరిగింది. సముద్రమట్టం పెరిగేకొద్దీ పిల్లలు నిలిచే ఇసుక తగ్గుతుంది.

బల్లులకు వాన సమస్య. సొనోరా ఎడారిలో మే, జూన్ నెలలు నిప్పులు కురుస్తాయి, నీరు ఎక్కడా ఉండదు. ఆ నెలల్లో కొన్ని గిలా మాన్‌స్టర్లకు పరిశోధకులు నీరు అందించి చూశారు. మిగతావి బొరియల్లో ముడుచుకుని ఉంటే నీరు అందినవి ఎక్కువగా బయట తిరిగాయి. ఒక ఏడాదైతే వాటి తోకల్లో కొవ్వు కూడా ఎక్కువ మిగిలింది. నీరందని బల్లికి ఆ రోజుల్లో ఒకటే దారి. జూలైలో తొలి వాన పడేదాకా మూత్రాశయంలోని నీటిని పొదుపుగా వాడుకుంటూ చీకట్లో ఉండాలి. వాన పడ్డాక బయటికి వచ్చి, గుంటలో మూతిపెట్టి తల ఎత్తకుండా చాలాసేపు తాగుతుంది.